బండి కదలని రోజులు

ఈ నెల మేము ముచ్చటించదలచినది ఆగిపోయిన బండ్లను గురించి. వరద అడ్డుపడి ఆగినవి కావు, చక్రం విరిగి ఆగినవీ కావు. నడిపేవారికీ నడిపించేవారికీ మాట కుదరక ఆగినవి. అది ఎర్ర బస్సు కావచ్చు, రైలు కావచ్చు, విమానం కావచ్చు. సంచి సర్దుకుని నిలబడిన మనిషికి మూడూ ఒకటే. ఆబోతులు కుమ్ములాడుకుంటే లేగల కాళ్ళు విరిగాయని సామెత. ఆ లేగల తరపున నాలుగు మాటలు చెప్పుకుందాము.

"భామ్రాగడ్‌కూ సిరోంచాకూ విమానాల గొడవ ఎందుకండీ?" అనేవారు వుంటారు. కాని ఒక్కసారి మన ఇళ్ళ లెక్క తీయండి. తాతల నాటినుంచీ ప్రాణహిత ఒడ్డున స్థిరపడి వున్న కుటుంబాలే గదా మనవి. ఇవాళ కొడుకు హైదరాబాదులో, కోడలు చదువు పూణేలో, మేనల్లుడి ఉద్యోగం మస్కట్‌లో, మనుమరాలి కాపురం టొరంటోలో. పెళ్ళికో, పురిటికో, కర్మకో రావాలంటే కొంతదూరం ఆకాశంలో రావాలి, మిగతా దూరం నేలమీద రావాలి. శంషాబాద్‌లో దిగినవారికి సిరోంచా సుమారు 300 కిలోమీటర్లు. నాగపూర్‌లో దిగినవారికి భామ్రాగడ్ అంతకంటె దగ్గరేమీ కాదు. మన మనిషి ప్రయాణం ఒక గొలుసు. అందులో ఏ కొక్కెం వూడినా మనిషి అక్కడే ఆగిపోతాడు.

ఎదురుచూడడం మనకు కొత్త విద్య కాదు. ఇంద్రావతి, పామూల్‌గౌతమి, పర్లకోట నదులు కలిసేచోట వున్న భామ్రాగడ్‌లో వానాకాలమంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. పర్లకోట వంతెన మునిగి బయటి లోకంతో సంబంధం తెగిన రోజులు ఎన్ని లెక్కపెట్టగలము? అందుకే ఆ వూరి ఇల్లాండ్రు మృగశిర కార్తెకు ముందే బియ్యం, పప్పు, ఉప్పు, మందులు ఇంట్లో వేసుకుంటారు. నది పొంగిందని నదిని తిట్టేవారు లేరు. తగ్గేదాకా ఓపిక పడతారు, తగ్గగానే దాటుతారు.

సమ్మె ఈ నదివంటిదేనా? కొంతవరకు అవును. కాని రెండు తేడాలు వున్నాయి. మొదటిది, నది తేదీ చెప్పి పొంగదు. సమ్మె చాలావరకు తేదీ చెప్పి వస్తుంది. రెండవది, నదికి మనసు లేదు. సమ్మెకు రెండు పక్షాలా మనుషులే వున్నారు. మేము చెప్పదలచినదంతా ఈ రెండు మాటల్లోనే వున్నది.

ముందు మన దగ్గర జరిగిన సంగతులే చూద్దాము. మన తాలూకాకు ఒకవైపు మహారాష్ట్ర ఎస్టీ బస్సు, నది దాటితే తెలంగాణ ఆర్టీసీ బస్సు. రెండూ మూడేళ్ళ వ్యవధిలో ఒకదాని తరువాత ఒకటి ఆగిపోయాయి.

తెలంగాణలో 2019 అక్టోబరు 5న ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగారు. సరిగా దసరా ముంగిట. సుమారు 48,000 మంది సిబ్బంది. సంస్థను ప్రభుత్వంలో కలపాలన్నది వారి ప్రధానమైన కోరిక. నవంబరు 25న విరమించేదాకా 52 రోజులు సాగింది. బడులకు దసరా సెలవులు పొడిగించారంటే రాకపోకలు ఎంత దెబ్బతిన్నాయో వూహించుకోవచ్చు. సిరోంచావారికి పెద్ద ఆసుపత్రి అంటే వరంగల్లో, కరీంనగరో, హైదరాబాదో గదా. కాళేశ్వరం వంతెన దాటడం వరకు సులువే. దాటిన తరువాత బస్సు కోసం చూడాలంటేనే కష్టమైంది.

ఆ తరువాత రెండేళ్ళకు ఇవతలి ఒడ్డు వంతు వచ్చింది. 2021 అక్టోబరు చివర ఎస్టీ కార్మికుల ఆందోళన మొదలై, నవంబరు రెండవ వారానికి రాష్ట్రమంతటా వున్న సుమారు 250 డిపోలూ మూతపడ్డాయి. వారి కోరికా అదే, సంస్థను ప్రభుత్వంలో కలపాలని. జీతాలు సరిగా అందక, అప్పులపాలై కొందరు కార్మికులు ప్రాణాలు తీసుకున్న కాలమది. ఆ సంగతి మరచి సమ్మెను గురించి మాట్లాడడం న్యాయం కాదు. ప్రభుత్వం నవంబరు 24న మూల వేతనాన్ని నెలకు 2,500 నుంచి 5,000 రూపాయల దాకా పెంచుతామన్నది. కొందరు పనిలోకి వచ్చారు, చాలామంది రాలేదు. చివరకు 2022 ఏప్రిల్ 7న బొంబాయి హైకోర్టు, ఏప్రిల్ 22లోగా అందరూ పనిలో చేరాలని చెప్పింది. అంటే, సుమారు ఆరు నెలలు.

ఆ తేదీ మన తాలూకావారు సులువుగా గుర్తుపెట్టుకోగలరు. ప్రాణహితకు ఏప్రిల్ 13 నుంచి 24 దాకా పుష్కరాలు జరిగాయి. పన్నెండేళ్ళకు ఒకసారి వచ్చే పండుగ. అటు కాళేశ్వరం, అర్జునగుట్ట, ఇటు సిరోంచా. నదికి మాత్రం ఏ సమ్మె లేకపోయె, పుష్కరుడు వచ్చే వేళకు వచ్చాడు. కోర్టు ఇచ్చిన గడువు పుష్కరాల నడుమనే పడింది.

ఆ ఆరు నెలలూ ఎట్లా గడిచాయి? ప్రభుత్వం ప్రైవేటు బస్సులకూ, బడి బస్సులకూ, చివరకు సరుకు బండ్లకు కూడా మనుషులను ఎక్కించుకునే అనుమతి ఇచ్చింది. కాలీపీలీలు, ట్రాక్సు జీపులు, మోటారు సైకిళ్ళు వుండనే వున్నాయి. డబ్బు వున్నవారు ఏదో ఒకటి మాట్లాడుకున్నారు. లేనివారి సంగతే వేరు. మహారాష్ట్రలో పల్లెటూరి ఆడపిల్లలకు బడికి పోయిరావడానికి ఎస్టీలో ఉచిత పాసు వున్నది. ఆ పాసు జీపువాడి దగ్గర చెల్లదు. కరోనా తరువాత గ్రామాలలో అయిదవ తరగతినుంచి పై బడులు తెరచినది 2021 అక్టోబరు 4న. నెల తిరిగీ తిరగకముందే బస్సు ఆగింది. ఏడాదిన్నర ఇంట్లో కూర్చున్న పిల్ల మళ్ళీ ఇంట్లోనే కూర్చోవలసి వస్తే, ఆ నష్టం ఏ లెక్కలో వేయాలి? సమ్మె ఖర్చు అందరిమీదా పడుతుంది కాని, అందరిమీదా సమంగా పడదు. దారి చివర వున్నవారిమీద ఎక్కువ పడుతుంది.

భామ్రాగడ్ తాలూకాలో మర్కనార్ అనే వూరు వున్నది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఆ వూరికి మొదటి ఎస్టీ బస్సు వచ్చినది 2025 జూలైలో. అహేరి దాకా పోతుంది. అంతకు ముందు, అదే సంవత్సరం జనవరి 1న, ఏటపల్లి తాలూకాలో గట్టా, గర్దేవాడా, వాంగేతురి దారిన బస్సు మొదలయింది. పట్నంలో ఒక బస్సు తప్పితే ఇంకొకటి వస్తుంది. ఇటువంటి వూళ్ళలో వున్న ఒక్క బస్సూ ఆగితే, ఆగినది బస్సు ఒక్కటే కాదు. ఆసుపత్రి, కళాశాల, అంగడి, రేషను కార్డు పని అన్నీ కలిసి ఆగుతాయి.

ఇక ఆకాశం సంగతికి వద్దాము. ఎయిరిండియా పైలట్లు 2012 మే నుంచి జూలై మొదటి వారం దాకా 58 రోజులు సమ్మె చేశారు. కొత్త బోయింగ్ 787 విమానాల శిక్షణ ఎవరికి ముందు అన్నది అప్పటి తగాదా. విదేశీ ప్రయాణాలు ఎన్నో రద్దయ్యాయి. 2024 మే 7 రాత్రినుంచి ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్‌లో రెండు వందల మందికి పైగా విమాన సిబ్బంది ఒక్కసారిగా "ఒంట్లో బాగులేదు" అన్నారు. మరునాడు పదుల సంఖ్యలో విమానాలు ఆగాయి. గల్ఫుకు పోవలసిన కూలీ జనం విమానాశ్రయంలో నేలమీద కూర్చున్నారు. కంపెనీ సుమారు 25 మందిని తీసివేసింది. మే 9న ఢిల్లీలో ముఖ్య కార్మిక కమిషనరు ఎదుట రాజీ కుదిరి, వారిని తిరిగి తీసుకున్నది. రెండు రోజులలో ముగిసిన తగాదాయే. కాని వీసా గడువు రేపటితో ముగిసేవాడికి రెండు రోజులంటే రెండేళ్ళ సంపాదన.

కెనడాలో మనవారు చాలామంది వున్నారు కనుక ఆ సంగతీ చెప్పాలి. 2025 ఆగస్టు 16న ఎయిర్ కెనడాలో పదివేలమందికి పైగా విమాన పరిచారకులు సమ్మె కట్టారు. 19న ఒప్పందం కుదిరింది. ఈలోగా సుమారు అయిదు లక్షలమంది ప్రయాణికులకు ఇబ్బంది. వారి ఫిర్యాదు ఏమిటంటే, విమానం నేలమీద వున్నప్పుడు చేసే చాకిరిలో చాలా భాగానికి జీతం లేదని. ప్రయాణికులను ఎక్కించడం, సామాను సర్దించడం, ముసలివారిని కూర్చోబెట్టడం, ఇదంతా పనే గదా.

ఇప్పుడు మొదటి తేడా దగ్గరికి వస్తాము: సమ్మె తేదీ చెప్పి వస్తుంది. మన దేశంలో రాకపోకలవంటి ప్రజోపయోగ సేవలలో నోటీసు లేకుండా సమ్మె చేయరాదన్న నిబంధన 1947 నాటి చట్టంలోనే వుండేది. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్నది. సగంమంది గాని అంతకంటె ఎక్కువమంది గాని కలిసికట్టుగా ఒకేరోజున సెలవు పెట్టినా దానిని సమ్మెగానే లెక్కించింది. కెనడాలోనయితే 72 గంటల నోటీసు. పత్రికలో ఒక మూలన "కార్మిక సంఘాల హెచ్చరిక" అని కనపడే నాలుగు పంక్తులను మనము చదవకుండా పేజీ తిప్పుతాము. ప్రయాణం పెట్టుకున్నవారు వానాకాలం ముందు మబ్బును చూసినట్లు ఆ నాలుగు పంక్తులను చూడాలి.

చూసి ఏమి చేయాలంటారా? మేము విచారించినంతలో పనికివచ్చే సంగతులు ఇవి.

విమానం టిక్కెట్టు ఏజెంటు దగ్గర కొన్నవారు, దానిమీద ఏజెంటు ఫోను నెంబరు కాక తమ నెంబరే వున్నదో లేదో చూసుకోవాలి. రద్దయిందన్న కబురు టిక్కెట్టుమీద వున్న నెంబరుకే వస్తుంది. అమ్మమ్మ ఒక్కతే ప్రయాణం చేస్తుంటే, ఆమెతోపాటు ఇంట్లో చదువుకున్న పిల్లల నెంబరు కూడా ఇవ్వాలి.

రెండు విమానాలు మారవలసివస్తే, రెండూ ఒకే టిక్కెట్టుమీద వుండేటట్లు కొనాలి. చవక అని వేరువేరుగా కొంటే, మొదటిది ఆగిపోయినప్పుడు రెండవదానివాడు "మీరు రాలేదు, మీ డబ్బు పోయింది" అంటాడు. మన సిరోంచా బస్సుకూ శంషాబాద్ విమానానికీ మధ్య ఏ ఒప్పందమూ లేదు. అవి ఎప్పుడూ రెండు టిక్కెట్లే. కనుక తగాదా కబురు వినపడిన రోజులలో ఒక పూట ముందు కాదు, ఒక రోజు ముందు బయలుదేరాలి. వరంగల్లోనో హైదరాబాదులోనో బంధువుల ఇంట ఒక రాత్రి నిద్ర చేస్తే పోయేదేమీ లేదు. అత్తమ్మ కూడా సంతోషిస్తుంది.

విమానమే రద్దయితే మనకు ఏమి రావాలి? మన దేశపు విమానయాన డైరెక్టరేటు నిబంధనల ప్రకారం, కంపెనీ వేరే విమానమయినా ఇవ్వాలి, టిక్కెట్టు డబ్బు పూర్తిగా తిరిగయినా ఇవ్వాలి. ఏది కావాలో అన్నది మన ఇష్టం. ఆలస్యమయితే, ప్రయాణ సమయాన్నిబట్టి రెండునుంచి నాలుగు గంటలు దాటినప్పుడు ఫలహారం పెట్టాలి. అయితే నష్టపరిహారం వేరు. సమ్మెలు, కార్మిక తగాదాలు కంపెనీ చేతిలో లేని కారణాలని మన నిబంధనలు లెక్కిస్తాయి. పరిహారం అడిగితే రాదు. ఈ రెండింటినీ కలగలిపి, "సమ్మె గదా, మీకేమీ రాదు" అని ఎవరయినా అంటే నమ్మవద్దు. పరిహారం రాదు, టిక్కెట్టు డబ్బు వస్తుంది.

కెనడాలోనూ ఇంచుమించు ఇంతే. పెద్ద కంపెనీ అయితే 48 గంటలలోగా తన విమానంలోనో, తన భాగస్వామి విమానంలోనో చోటు చూపలేనప్పుడు, పోటీ కంపెనీలోనయినా కొని ఇవ్వాలి. ఐరోపాలో పద్ధతి వేరు. కంపెనీ సొంత సిబ్బంది సమ్మె చేస్తే అది కంపెనీ ఇంటి వ్యవహారమే కాని పిడుగుపాటు కాదని అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2018లోనూ, 2021లోనూ తీర్పు చెప్పింది. అక్కడ దూరాన్నిబట్టి 250 నుంచి 600 యూరోల దాకా పరిహారం అడగవచ్చు. ఫ్రాంక్‌ఫర్టుమీదుగా వచ్చిపోయే మన పిల్లలకు ఈ సంగతి చెప్పండి.

బీమా తీసుకునేవారు టిక్కెట్టు కొన్న రోజే తీసుకోవాలి. సమ్మె కబురు బయటికి వచ్చిన తరువాత కొన్న బీమా సాధారణంగా ఆ సమ్మెకు పనికిరాదు. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వినట్లే. మందులు, పసిపిల్లల పాలపొడి, వీసా కాగితాలు, ఒక జత బట్టలు చేతి సంచిలోనే వుంచుకోవాలి. గల్ఫుకు తిరిగి పోవలసినవారు, విమానం రద్దయినట్లు కంపెనీ ఇచ్చిన కబురును దాచుకుని, ఆ రోజే యజమానికి పంపాలి. ఆలస్యం మన తప్పు కాదనడానికి అదే సాక్ష్యం.

ఇంతవరకు ఆకాశంలో పోయేవారి హక్కులు. బస్సులో పోయేవారికి ఏమున్నది? విమానం ఆగితే తిండి పెట్టాలని కాగితం వున్నది. మర్కనార్ బస్సు ఆగితే ఆ పిల్లకు కాలేజీ దాకా ఎవరు తోడు రావాలన్న కాగితం లేదు. అక్కడ కాగితం చేయవలసిన పని మనుషులే చేసుకోవాలి. వూరికి ఒక పుస్తకం పెట్టి, అందులో ఏ ఇంట జీపు వున్నదో, అర్ధరాత్రి పిలిస్తే వచ్చే డ్రైవరు ఎవరో, ఆలపల్లికి ఎంత, అహేరికి ఎంత అని ముందే మాట్లాడుకున్న కిరాయి ఎంతో రాసి వుంచితే ఎంత మేలు! తగాదా వచ్చాక మాట్లాడిన కిరాయి వేరు, రాకముందు మాట్లాడిన కిరాయి వేరు. ఆసుపత్రికి పోవలసిన రోగి, పరీక్ష రాయవలసిన విద్యార్థి, నెలలు నిండిన ఆడపడుచు, వీరికి మొదటి చోటు అని నలుగురూ ఒప్పుకుంటే, పెండ్లి పిలుపులకు పోయేవారు ఒక రోజు ఆగగలరు.

ఇక రెండవ తేడా. నదిని తిట్టనివారము, సమ్మె రోజున మాత్రం కిటికీలో కూర్చున్న పిల్లను తిడతాము, డిపో గేటు దగ్గర నిలబడిన కండక్టరును తిడతాము. విమానాన్ని ఆపినది ఆ పిల్ల కాదు. జీతం పెంచే అధికారం ఆమెకు లేదు, తగ్గించే అధికారమూ లేదు. ఆమెను తిట్టి గెలిచినవారు ఎవరూ లేరు. మెల్లగా అడిగి వేరే విమానంలో చోటు సంపాదించినవారు మాత్రం వున్నారు.

కండక్టరన్న సంగతి ఇంకా దగ్గరిది. నైట్ హాల్టు బస్సు తెచ్చి, రాత్రి మన వూళ్ళోనే పడుకుని, తెల్లవారకముందే మనలను లేపి తీసుకుపోయినవాడు గదా. అతని పిల్లల ఫీజు కట్టవలసిన తేదీ, మన పిల్లల ఫీజు తేదీ ఒకటే. అతని కోరికలన్నీ న్యాయమని మేము అనము. సంస్థ వాదనలన్నీ అన్యాయమనీ అనము. ఒకే ప్రశ్నకు మూడు రాష్ట్రాలు మూడు సమాధానాలు ఇచ్చాయి. ఆంధ్రప్రదేశ్ 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ సిబ్బందిని ప్రభుత్వంలోకి తీసుకున్నది. తెలంగాణ శాసనసభ, 52 రోజుల సమ్మె అయిన నాలుగేళ్ళకు, 2023 ఆగస్టులో అటువంటి బిల్లునే ఆమోదించింది. మహారాష్ట్రలో ముగ్గురు అధికారుల సంఘం విలీనం కుదరదన్నది. తెలివిగలవారే ఇన్ని విధాల చెప్పిన విషయంలో, బస్టాండులో నిలబడి మనము ఒక్క తిట్టుతో తీర్పు చెప్పడం తొందరపాటు కాదా?

అట్లాగని ప్రయాణికుడు నోరు మూసుకోవాలని కాదు. మన మాట చెప్పవలసిన చోటు వేరు, వేళ వేరు. సమ్మె మొదలయ్యాక కాదు, నోటీసు వచ్చిన ఆ పద్నాలుగు రోజులలో చెప్పాలి. కలెక్టరుకు, ఎమ్మెల్యేకు, డిపో మేనేజరుకు, కార్మిక సంఘం నాయకులకు కూడా ఒకే అర్జీ పంపాలి: మీ తగాదా మీరు తీర్చుకోండి, ఈలోగా భామ్రాగడ్‌కు రోజుకు ఒక్క బస్సు, సిరోంచా ఆసుపత్రి దారిన ఒక్క బస్సు నడవనివ్వండి అని. పాలు, మందులు, అంబులెన్సు ఆపకూడదని సమ్మె చేసేవారే ఎన్నోచోట్ల ఒప్పుకుంటారు. దారి చివరి వూరికి పోయే ఒక్క బస్సు అంబులెన్సుకు తక్కువేమీ కాదని చెప్పగలిగితే, వినేవారు రెండు పక్షాలలోనూ వుంటారు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు.

వచ్చే వానాకాలానికి బియ్యం, ఉప్పు వేసుకునేటప్పుడు, పైన చెప్పిన ఆ వూరి పుస్తకాన్ని కూడా తయారుచేసుకోండి. అసరల్లి, అంకీసా, సిరోంచా, అహేరి, ఆలపల్లి, భామ్రాగడ్, ఎక్కడివారయినా సరే, మీ వూళ్ళో అటువంటి ఏర్పాటు ఇప్పటికే వుంటే అది ఎట్లా నడుస్తున్నదో మాకు రాసి పంపండి. తోటి వూళ్ళవారికి పనికివస్తుంది.